రాతి మీది మూసుకున్న అనిమోన్

సాఫ్ట్‌వేర్ మోజులో ఊరూరూ అమీర్‌పేటకు ఎగబడుతున్న రోజులవి. మా ఆవిడది సనత్‌నగర్, జువాలజీలో ఎమ్మెస్సీ. చదివిన చదువుకు ఉద్యోగం దొరక్క అక్కడే మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చెప్పేది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి శ్రీనగర్ కాలనీలో ఇల్లు చేరేది. అలాంటప్పుడు పంజాగుట్టలో ఒక కాలేజీ నుంచి జువాలజీ లెక్చరర్ పోస్టుకు పిలుపొచ్చింది. సోమవారం డెమో క్లాసు చెప్పాలి. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎంత తపించిందో నాకు తెలుసు.

పాఠం సీ అనిమోన్ల గురించి. పువ్వుల్లా కనిపించే సముద్రపు జంతువులవి. మా విశాఖ వెళ్లినప్పుడల్లా, ఆటుకు రాళ్ల గుంటల్లో మిగిలిన నీళ్లలో వాటిని వెతికి ఫొటోలు తీసేది. రెండు రకాలు గుర్తుపట్టానని మురిసిపోయేది. గుంటలో ఆకుపచ్చగా విచ్చుకున్నదొకటి, పైన తడిరాతి మీద గవ్వముక్కలు అంటించుకుని ముద్దలా ఉన్నదొకటి. శుక్రవారం ఆ రెండో ఫొటో దగ్గర ఆగిపోయింది. అది నిజంగా వేరే రకమేనా అని అనుమానం. అంతే, రాత్రికి నన్ను విశాఖ రైలెక్కించింది. ఉన్న ఫొటోలతో పాఠం చెప్పేస్తే ఎవరడుగుతారని గొణిగాను. వింటేనా!

తెల్లారి ఆ రాళ్ల మీద కూర్చుంది. ముద్ద ముద్దగానే ఉంది. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి, ఆకలి మండిపోతోంది. సముద్రం పక్కన పుట్టినవాణ్ణి, నాకు తెలియనిది ఇక్కడేముంది, పదమన్నాను.

"జర ఆగుండ్రి. నీళ్లు రానీయుండ్రి," అంది.

పోటు మొదలై నీళ్లు ముద్దను ముంచాయి. కాసేపటికి దాని నడిమి బొడ్డు వదులై, లోపలి నుంచి ఆకుపచ్చ వేళ్లు మెల్లమెల్లగా బయటికొచ్చాయి. అబ్బ, ఎంత బాగుందో! ఇన్నేళ్లూ కాళ్ల కింద ఉన్నదాన్ని అప్పుడు చూశాను. ఫొటో నేనే తీశాను. రెండు రకాలూ ఒకటే. పాఠం పాడైపోయిందని నేను బెంగపడుతుంటే ఆమె పగలబడి నవ్వింది.

అమీర్‌పేట డెమోల్లో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆ అలవాటుతోనే సోమవారం కాలేజీలోనూ వెనక బెంచీలో దూరాను. ఆమె మొదట పాత ఫొటోలు రెండూ చూపించి ఎన్ని రకాలని అడిగింది. రెండని క్లాసంతా అంది. ఎంపికకు కూర్చున్న ప్రిన్సిపాల్‌గారూ తలూపారు.

"నేను సుత రెండనే అనుకున్న. మొన్న పోయి మళ్లొకసారి చూసిన," అంటూ, ఆదివారం కడిగించిన మూడో ఫొటో పెట్టింది.

ప్రిన్సిపాల్‌గారు లేచొచ్చి కళ్లద్దాలు సర్దుకుని చూశారు. గంట కొట్టినా పిల్లలు కదల్లేదు. మళ్లీ ఎప్పుడొస్తారని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. మా ఆవిడ ప్రిన్సిపాల్‌గారి వైపు చూసింది.

"రేపు వస్తారమ్మా," అన్నారాయన.