రాకుమారుడికి రెండు చుక్కలు, నాకు మూడు నెలలు

ఆ రోజు మిర్యాలగూడ మిల్లులో ధాన్యం దించుతున్నారు. నా పని బియ్యం చూడడం. అరచేతిలో పోసుకుని నూక ఎంత, రంగు మారిన గింజ ఎంత అని చెప్పాలి. కళ్లు పోతే నా పని పోయినట్టే. గాలికి ఊక లేచి కుడి కంట్లో పడింది. బాగా నలిపాను. సాయంత్రానికి ఆ కన్ను వెలుతురు ఓర్చుకోలేకపోయింది.

"జర దవాఖానకు పోదాం" అంది నా భార్య సరిత.

"నందివర్ధనం రసం రెండు చుక్కలు ఏస్తే ఖతం. గింతదానికి దవాఖాన ఎందుకు?" అన్నాను, ఏడు తరాల వైద్యుడిలా.

ఇంటి ముందు చెట్టు ఉండనే ఉంది. నాలుగు రోజులు పూలు పిండుకున్నాను. అది చాలదన్నట్టు మందుల షాపులో ఏవో చుక్కలు కూడా తెచ్చి వేసుకున్నాను. ఒక రోజు ఎరుపు తగ్గింది. సరిత ముందు మీసం తిప్పాను. ఐదో రోజు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించింది.

సూర్యాపేటలో కంటి డాక్టరమ్మ మిషన్‌లోంచి చూసి, "ఏమేమి ఏసిండ్రు కంట్లో?" అని అడిగింది. చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

కన్ను మొద్దుబార్చి, మచ్చ మీంచి కొంచెం గీకి పరీక్షకు స్క్రేపింగ్ తీశారు. ఫంగల్ కార్నియల్ అల్సర్, అంటే నల్లగుడ్డు మీది పొరకు ఫంగస్ పట్టి పుండు అయిందని తేలింది. "మీరు తెచ్చుకున్న చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది. ఫంగస్ ఇంకా పెరిగింది. చూపు నిలుస్తదని నేనిప్పుడు మాటియ్యలేను" అంది డాక్టరమ్మ.

ఫంగస్‌ను చంపే నాటమైసిన్ చుక్కలు గంటకొకసారి. రెండు రోజులకోసారి చూపించుకోవాలి కాబట్టి సూర్యాపేటలోనే మా పద్మక్క ఇంట్లో ఉన్నాను. రెండో వారంలో కంటి లోపల చీము పేరుకుంది. దాన్ని హైపోపియాన్ అన్నారు. చుక్కలకు తోడు మాత్రలు కూడా ఇచ్చారు. తగ్గకపోతే కార్నియా మార్చాలన్నారు. ఆ రోజు ఆటోలో ఏడ్చాను. ఏడిస్తే కన్ను ఇంకా మండింది.

మూడో వారానికి నొప్పి తగ్గింది. రోజంతా గోడలు చూసి విసుగెత్తాను. అక్క తన ఫోన్‌లో మా చిన్నప్పటి బొమ్మల సినిమా ఒకటి వెతికి పెట్టింది. ఆదివారాలు పక్కింటి టీవీ ముందు కింద కూర్చుని నోరెళ్లబెట్టి చూసిన సినిమా. ఎడమ కంటితో చూశాను.

అంత చెత్త సినిమా నేను ఇంతవరకు చూడలేదు. గుర్రం పరుగెడుతుంటే వెనక అదే చెట్టు ఏడుసార్లు పోయింది. రాజు మాట్లాడితే గడ్డం కదులుతుంది, పెదవులు కదలవు. వంద మంది సైనికులకూ ఒకటే ముఖం, గీసినవాడికి బద్ధకం. ఇగ చివర్లో చూపు పోయిన రాకుమారుడు వస్తాడు. ముని ఒక తెల్లపువ్వు కోసి, రెండు చుక్కలు పిండుతాడు. గంట మోగుతుంది. రాకుమారుడు కళ్లు తెరిచి ఆకాశం చూస్తాడు. స్క్రేపింగ్ లేదు, చీము లేదు, ఆరి రెప్పలకు అంటుకునే మందు పిండి లేదు.

"థూ, గిదేం సినిమా? పిల్లలకు గిట్లాంటివి సూపిస్తరా? గీ పువ్వే నా కన్ను తీసింది" అన్నాను.

అక్క నాకు మందు వేసే గంట అయిందని సీసా అందుకుంది. తల పైకెత్తమంది.

"గీ సీన్‌కు సిన్నప్పుడు నువ్వు సప్పట్లు కొట్టినవ్. గప్పుడు నీకు ఎనిమిదేండ్లు. సినిమా ఇప్పటికీ ఎనిమిదేండ్లోళ్లకే ఉంది" అంది చుక్క వేస్తూ. "నీకు ముప్పై ఆరు. సరిత దవాఖానకు పోదామంటే ఇనకపోయినవ్. సినిమాను తిడుతున్నవా?"

చుక్క వేయించుకున్నాక సరితకు ఫోన్ చేసి, "నువ్వు చెప్పినట్టు ఇనాల్సింది" అన్నాను. ఆమె, "తిన్నవా?" అని అడిగింది.

పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. కార్నియా మార్చే పని ఇప్పటికి తప్పింది. మచ్చ మాత్రం నిలిచిపోయింది. కుడి కంటితో మనిషి కనిపిస్తాడు, ముఖం కనిపించదు. బియ్యం ఇప్పుడు ఎడమ కంటితోనే చూస్తున్నాను, మునుపటికన్నా నెమ్మదిగా. మిల్లులో ఊక పడకుండా కళ్లద్దాలు పెట్టుకుంటున్నాను. నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. ఒకప్పుడు నేనూ అట్లాగే నవ్వినవాడినే.

కంట్లో ఊక పడితే నలపకండి. శుభ్రమైన నీళ్లతో కడిగి, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోండి. పూల రసం, చనుబాలు, డాక్టరు రాయకుండా షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు, ఏవీ వేయకండి.

మా ఇంటి ముందు నందివర్ధనం ఇంకా పూస్తోంది. కొట్టేస్తానంటే సరిత ఒప్పుకోలేదు. పొద్దున్నే నాలుగు పూలు కోసి దేవుడి పటానికి పెడుతుంది. పెట్టి, నా వైపు తిరిగి ఒకసారి చూస్తుంది.