మడమ రాసుకున్న క్రాంకు

వీధిలో దాన్ని కొమ్ముల సైకిల్ అనేవారు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిల్, సన్నటి టైర్లు, పాతకాలపు రేసు సైకిల్. పొడుస్తుంది జాగ్రత్త అని పిల్లలు ఆటపట్టిస్తుంటే, తండ్రి నుంచి వచ్చిన ఆ సైకిల్ మీద ప్రెస్సు కార్మికుడొకడు రోజూ ఏటవాలు రోడ్డెక్కి పనికి పోయేవాడు. పోయినేడు ఆ రోడ్డు మలుపు దగ్గర గోదాము లారీ అతన్ని గోడకేసి నలిపేసింది. సైకిల్ మాత్రం అవతల పడి బతికిపోయింది. విచారణకి వచ్చినవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేశారు: సైకిల్ తూలింది.

అతని భార్య ఆసుపత్రిలో వార్డులు కడుగుతుంది. ఆసుపత్రీ ఆ వాలు పైనే. నడిచి వెళ్తుంటే వెనక చప్పుడు. అతను తొక్కినప్పుడు మడమ లోపలికి తిరిగి, చుట్టుకోసారి పెడల్ ఊచని, అంటే క్రాంకుని, రాసుకునేది. సర్ర్... సర్ర్. బూట్లు అరిగిపోతున్నాయని ఆమె ఎంత సాధించినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు ఆ చప్పుడు మలుపుదాకా వెంటవచ్చి, అక్కడ ఠక్కున ఆగిపోతుంది. చప్పుడుకంటే ఆగడమే ఆమె గుండెల్ని పిండేది.

ఎన్నాళ్లిలా బిక్కుబిక్కుమంటూ నడవడం, దానిమీదే పోతాననుకుని సైకిల్ని పానా బాబాయి కొట్టుకి తోసుకెళ్లింది. దాన్ని మొదట్నుంచీ బాగుచేసింది ఆయనే. ముందున్న రెండు పళ్ల చక్రాల్లో పెద్దదానికి యాభై రెండు పళ్లు, చిన్నదానికి నలభై రెండు. అవి మీ ఆయన తొడలకి సరిపోయాయిగానీ నీ మోకాళ్లకి కాదన్నాడాయన. ముప్పై నాలుగు పళ్లదైతే సీటు మీద కూర్చునే వాలెక్కొచ్చు. అంత చిన్నది ఈ క్రాంకుకి పట్టదు, బోల్టులు మరీ ఎడంగా ఉన్నాయి, క్రాంకుతో సహా మార్చాల్సిందే.

ఆమె వంగి చూసింది. మడమ రాసుకున్నచోట పైపూత పోయి, బొటనవేలంత మేర లోహం అద్దంలా తేలింది.

"ఇది తీసేస్తే ఇందులో ఆయనెక్కడుంటాడు బాబాయ్?"

"ఉంచితే నువ్వెక్కడుంటావో ముందు అది చూసుకోమ్మా."

ఆమె వినలేదు. మర్నాడు పొద్దున్నే ఆ చక్రాలతోనే వాలెక్కింది. మలుపుదాకా ఎలాగో లాగింది. అక్కడ పెడల్ మొరాయించింది. లేచి నిలబడి, ఒంటి బరువంతా వేసి తొక్కింది. తొక్కినప్పుడల్లా సైకిల్ ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగింది. మోచెయ్యి గోడకి గీరుకుని చర్మం లేచిపోయింది. కాలు కింద పెట్టి ఆగిపోయింది. వెనక చప్పుడూ ఆగింది.

అప్పుడు తట్టింది ఆమెకి. నిలబడి తొక్కితే మడమ లేస్తుంది, క్రాంకుని తాకదు. అతనూ ఇక్కడ లేచి నిలబడ్డాడు.

ఒకప్పుడు గోడ ఇంత ముందుకి లేదు. గోదాము యజమాని రోడ్డుని తన అబ్బ సొమ్మనుకుని గోడ జరుపుకున్నాడు. గోడ ఎందుకు జరిగిందని ఎవరూ అడగలేదు. మనిషి ఎందుకు ఊగాడని మాత్రం, చచ్చినవాణ్ణి అడిగారు.

మోచేతి నుంచి రక్తం కారుతుండగానే కొట్టుకొచ్చింది.

"ఆయన తూలలేదు బాబాయ్. ఊగడానికి చోటు లేకుండా చేశారు. మార్చెయ్."

చక్రం మార్చుకుంటే గోడ తప్పేం లేదంటారేమో కదమ్మా అన్నాడాయన.

"గోడ సంగతి అడుగుతా. అడగాలంటే ముందు నేను పైకి చేరాలిగా."

తీసిన క్రాంకుని అతని పాత చొక్కాలో చుట్టి సంచిలో పెట్టుకుంది. రోడ్ల ఆఫీసూ వాలు పైనే. అక్కడ బల్లమీద దీన్ని పెట్టి మాట్లాడతానంది.

ఈసారి సీటు మీంచి లేవలేదు. చిన్న చక్రం కాబట్టి కాళ్లు గిరగిరా తిరిగాయి, సైకిల్ మెల్లగా, తిన్నగా కదిలింది. మలుపులో గోడవైపు ఒదగకుండా రోడ్డు నడిమికి వచ్చింది. వెనక గోదాము లారీ. డ్రైవరు హారన్ కొట్టాడు, కిటికీలోంచి తల బయటపెట్టి చచ్చిపోతావే అని అరిచాడు. ఆమె పక్కకి జరగలేదు. గోడ అయిపోయేదాకా లారీ ఆమె వెనకే పాకింది.

హారన్‌కీ హారన్‌కీ మధ్య, సర్ర్... సర్ర్.

ఆమె కిందికి చూసుకుంది. తన మడమ కొత్త క్రాంకుకి తగలడం లేదు.

చప్పుడు మలుపు దాటింది.