తూర్పమ్మ శోకం

బందరు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో అన్నపూర్ణ ఒకనాడు కుళాయి దగ్గర బిందె దించి, "నీరు ఎప్పుడొస్తాదేటి?" అని అడిగింది. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు. మర్నాడు ఆమె బిందెతో కనబడగానే, "నీరు ఎప్పుడొస్తాదేటి తూర్పమ్మా?" అని వాళ్ళే ముందు అడిగారు. అన్నపూర్ణ అన్న పేరు రేషను కార్డులో మిగిలింది. ఊరికి ఆమె తూర్పమ్మ.

ఆమె పుట్టిల్లు పలాస దగ్గర, సముద్రం వైపు. ఆమె అన్నా, ఆమె మొగుడు అంకమ్మరావూ కలిసి గుజరాత్ బోట్ల మీద పనిచేశారు. ఆ స్నేహం మీద కుదిరిన పెళ్ళి. విశాఖపట్నం దాటిన ప్రతి ఊరూ ఇక్కడి వాళ్ళకు తూర్పే. తూర్పోళ్ళకు అంబలి తప్ప తెలీదనీ, ఏది చెప్పినా నమ్ముతారనీ చెప్పుకుంటారు. ఇవన్నీ మొహం మీదే అంటారు. అని నవ్వుతారు. ఎదుటి మనిషీ నవ్వాలి, లేకపోతే "ఆవిడకి రోషం ఎక్కువండీ" అంటారు.

అన్నపూర్ణ నవ్వింది. ఎండు చేపల గంప ఎత్తుకుని గూడూరు సెంటర్లో కూర్చోవడం మొదలుపెట్టాక ఆ నవ్వు అక్కరకు కూడా వచ్చింది.

"ఏం తూర్పమ్మా, మీ ఊళ్ళో అన్నం తింటారా, అంబలేనా?"

"అంబలేనండి బావుగారూ. అన్నం తిందారనే కాదేటి మీకాడికొచ్చినాను! నెత్తళ్ళు తూసీమంటారా?"

చుట్టూ నిలబడ్డ వాళ్ళు నవ్వేవారు, నెత్తళ్ళు తూయించుకునేవారు.

ఇంట్లో మాత్రం ఒకటి రెండుసార్లు మొగుడి దగ్గర మొరపెట్టుకుంది. అంకమ్మరావు కొట్టిపారేశాడు.

"నన్ను గుజరాత్‌లో మద్రాసీ అనేవాళ్ళు. నేనేవన్నా ఏడ్చానా?"

"నువ్వు ఏడవనేదు. అలగన్నోడి పన్ను రాలగొట్టినానని నువ్వే సెప్పినావు కదా. మరి నానెవుల పన్ను రాలగొట్టాల?"

అంకమ్మరావు దానికి కూడా నవ్వాడు.

కూతురు శ్రీదుర్గ బడికి వెళ్ళే రోజుల్లో ఒకసారి అన్నం క్యారేజీ మరిచిపోయి వెళ్ళింది. అన్నపూర్ణ పరుగున తీసుకెళ్ళి, తరగతి గుమ్మంలో నిలబడి, "మా గుంట కూడు మర్సిపోనాదండి," అంది. పంతులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్లలకు ఆ అడ్డు కూడా లేదు. ఆ ఏడాదంతా శ్రీదుర్గ ఎదురైతే చాలు, "గుంటా, కూడు తిన్నావేటి?" అనేవారు. ఆ సాయంత్రం పుస్తకాల సంచీ గోడకేసి కొట్టి పిల్ల అంది:

"నువ్వింక మా బడికి రావద్దమ్మా. వచ్చినా మాట్లాడొద్దు."

ఊరంతా అన్న మాటలు ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. అన్నపూర్ణ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "ఇంకాస్త పెట్టుకుంటావా?" అని కొత్తగా అడిగింది. శ్రీదుర్గ తలెత్తి చూసి, మళ్ళీ తినసాగింది.

అలా మొదలైంది. బస్సులో కండక్టర్ మాట విని, టీవీలో మాట విని, పెదపారుపూడిలో తాను ఎండు రొయ్యలు వేసే సీతామహాలక్ష్మి గారి మాట విని, ఒక్కొక్కటే పట్టుకుంది. ముందు అండీలు కుదిరాయి. తర్వాత ఏటి పోయి ఏంటి వచ్చింది. నలుగురిలో నోరు తెరిచే ముందు ఒక క్షణం ఆగేది, లోపల మాట మార్చుకునేది, అప్పుడు బయటికి వదిలేది. కొన్నాళ్ళకు ఆగక్కర్లేకుండా పోయింది. మనుషులు కనబడగానే ఈ మాటే వచ్చేది.

పాత మాట తల్లి కోసం మిగిలింది. పనయ్యాక ఫోను తీసుకుని చేపలు ఆరబెట్టే ఇసకలోకి ఒక్కతే వెళ్ళేది. "అమ్మా, కూడు తిన్నావేటే? కాలు నొప్పి తగ్గినాదా?" అటునుంచి ముసలిది అరిచినట్టు మాట్లాడేది. ఇద్దరూ చాలాసేపు అవే మాటలు చెప్పుకునేవారు. ఎవరైనా అటు వస్తే అన్నపూర్ణ చప్పున గొంతు తగ్గించేది.

విచిత్రమేమిటంటే, మాట మారినా పేరు మారలేదు. పైగా పాత మాట పోయినందుకు సీతామహాలక్ష్మి గారు బాధపడ్డారు.

"ఏవే తూర్పూ, నీ మాటేవైంది? నువ్వు కూడా మాలాగే మాట్లాడితే ఇంక నువ్వెందుకే? మా మనవరాలు వింటానంటోంది. ఒక్కసారి అనవే."

మనవరాలు లిఖిత అప్పటికే ఫోను ఎత్తి పట్టుకుంది. అన్నపూర్ణ గంప దించి, "ఏటమ్మా, ఎలగున్నావు? సదువుకుంటన్నావేటి?" అంది. లిఖిత పడీపడీ నవ్వింది. అన్నపూర్ణకే ఆ మాట ఎలాగో వినిపించింది. పగటి వేషగాడు కట్టుకున్న చీరలాగా ఉంది.

"కోపవొచ్చిందా?" అన్నారు సీతామహాలక్ష్మి గారు కాఫీ ఇస్తూ. "ముద్దుకి అంటానే. పరాయిదాన్నయితే ఇలా పిలుస్తానా?"

అది అబద్ధం కాదు. అన్నపూర్ణకు విషజ్వరం వచ్చినప్పుడు బియ్యం, పళ్ళు కారులో పంపించిన మనిషి ఆవిడ. కొట్టినవాళ్ళ మీదయితే కోపం తెచ్చుకోవచ్చు, కాఫీ ఇచ్చేవాళ్ళ మీద ఎలా తెచ్చుకుంటారు? అన్నపూర్ణ గ్లాసు కడిగి బోర్లించి, గంప నెత్తికెత్తుకుంది.

పోయిన శీతాకాలంలో తల్లి పోయింది. గూడూరు సెంటర్లో బేరం మధ్యలో ఉండగా చెల్లెలు నూకాలు ఫోను చేసింది.

"అప్పా, అమ్మ ఎల్లిపోనాదే. బేగొచ్చీ. నువ్వొచ్చి ఏడిస్తే గాని లేపరు."

వాళ్ళ పల్లెలో తల్లి పోతే శోకం మొదలుపెట్టాల్సింది పెద్దకూతురు. ఊరికే ఏడవడం కాదు. తల్లి తనకు ఏమేం చేసిందో, ఏం తినకుండా తనకు పెట్టిందో, రాగం తీసి, మాటలు కట్టి, అందరూ వినేలా చెప్పుకోవాలి. ఫలానా ఆవిడ కూతురు ఎలా ఏడ్చిందో ఊళ్ళో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. చనిపోయిన మనిషికి అదే పెద్ద మర్యాద.

అంకమ్మరావు వేటలో ఉన్నాడు, ఫోను అందలేదు. బందరులో నర్సుగా చేస్తున్న శ్రీదుర్గ సెలవు పెట్టి తల్లి వెంట బయల్దేరింది. రైల్లో అన్నపూర్ణ ఏడవలేదు. కిటికీ పక్కన కూర్చుని మాటలు పేర్చుకుంది. ఉప్పుటేరు పొంగిన నాడు తల్లి తనను సంకనెత్తుకుని దాటించడం, చేప తలకాయ తన కంచంలో వేసి తాను పులుసు నీళ్ళతో తినడం, పెళ్ళయి రైలెక్కుతుంటే చీర చెంగున ఇంత ఇసక కట్టి ఇవ్వడం. అన్నీ తల్లి మాటలోనే, తల్లికి తెలిసిన మాటలోనే కూర్చుకుంది. ఒక్కటి కూడా తప్పిపోకూడదనుకుంది.

ఇంటి ముందు పందిరి కింద జనం నిండిపోయి ఉన్నారు. అన్నపూర్ణ రాగానే దారి ఇచ్చారు. గోల సద్దుమణిగింది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. ఆమె తల్లి కాళ్ళ మీద పడి నోరు తెరిచింది.

"అమ్మా! నన్ను వదిలేసి వెళ్ళిపోయావా అమ్మా! ఇంక నేనెవరితో మాట్లాడాలమ్మా!"

తన గొంతు తనకే వినబడింది. అచ్చం సీతామహాలక్ష్మి గారి మాట.

"ఎవులే ఈయమ్మ?" అంది వెనకాల ఒక ముసలమ్మ.

"పెద్దగుంట కాదేటి! కిష్ణా జిల్లావోళ్ళకిచ్చినారు."

"కిష్ణోలమ్మా! అందుకే, టీవీలో ఏడ్సినట్టు ఎంత సక్కగా ఏడుస్తందో సూడు."

ఎవరో కిసుక్కుమని, వెంటనే చెంగు నోట్లో కుక్కుకున్నారు. ఎగతాళి చెయ్యాలని కాదు. చావింట్లో కూడా నవ్వు ఒక్కోసారి చెయ్యి జారుతుంది.

అన్నపూర్ణ విన్నది. మాట మార్చుకోబోయింది. "ఓలమ్మా..." అంది. ఆ మాట లిఖిత ఫోను ముందు అన్నట్టే వచ్చింది. ఇన్నాళ్ళూ అడిగిన వాళ్ళ కోసం అన్న మాట, ఇప్పుడు తన కోసం రానంది. రైల్లో పేర్చుకున్నవన్నీ గొంతులోనే ఉన్నాయి, ఏదీ కదలలేదు. ఆమె తల్లి పాదాలు పట్టుకుని నోరు మూసుకుంది.

జనం కాసేపు చూశారు. మగవాళ్ళు పొద్దు చూసుకుంటున్నారు. అప్పుడు నూకాలు వచ్చి అక్క మెడ చుట్టూ చేతులు వేసి, తల్లి వైపు తిరిగి ఎత్తుకుంది.

"ఓలమ్మోలమ్మ! నీ పెద్దగుంట ఒచ్చినాదే! నోరు పెగల్లేదే దానికి! ఉప్పుటేరు దాటించినావు కాదేటే దాన్ని సంకనెత్తుకోని! తలకాయ దాని కంచాన ఏసి నువ్వు పులుసు తాగినావు కాదేటే!"

రాగం పందిరంతా కమ్ముకుంది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అన్నపూర్ణ తన ఏడుపును చెల్లెలి నోట వింటూ కూర్చుంది. నూకాలు తప్పు లేకుండా ఏడ్చింది. ఇసక సంగతి ఒక్కటే చెప్పలేదు, అది ఆమెకు తెలియదు.

శవాన్ని లేపారు.

తర్వాత ఆడవాళ్ళంతా చాప మీద కూర్చుంటే, నూకాలు కోడలు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అన్నపూర్ణకు వేసింది. "కూర్చోండి పెద్దత్తగారూ," అంది, బడిలో నేర్చుకున్న మాటలో. ఆ పిల్ల మర్యాదకే అంది. అన్నపూర్ణ కాదనలేక కుర్చీలో కూర్చుంది.

చిన్నదినం అయ్యాక తిరుగు ప్రయాణమయ్యారు. శ్రీదుర్గకు అంతకు మించి సెలవు లేదు. పగటి బండి. ఎదురు సీట్లో ఎవరో మొగుడూ పెళ్ళాం. తుని దాటింది, అన్నవరం దాటింది. శ్రీదుర్గ కొంచెం తిను అంటే తినలేదు, పడుకో అంటే పడుకోలేదు.

మధ్యాహ్నం బండి గోదావరి వంతెన ఎక్కింది. ఇనప దూలాల మధ్య చప్పుడు పెట్టెను ముంచేసింది. పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడదు. ఎదుటి ఆవిడ కిటికీలోంచి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకుంటోంది. అన్నపూర్ణ కిటికీ ఊచలు పట్టుకుంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఓలమ్మా! నన్నొగ్గేసి ఎల్లిపోనావేటే! నా సెంగున ఇసక కట్టినావే అమ్మా! ఈ ఇసక మీదే మళ్ళా నడుద్దువు గాని అన్నావు కాదేటే! నానెవులితో మాటాడాలే ఇంక!"

మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఎక్కడా వెతుక్కోలేదు, ఎక్కడా మార్చుకోలేదు. రాగం ఎక్కడ లేవాలో అక్కడ లేచింది. వినాల్సిన వాళ్ళెవరూ అక్కడ లేరు. కింద నీళ్ళు, పైన ఇనుము. వంతెన పొడవు చాలక బండి ఒడ్డుకు చేరింది, చప్పుడు తెగిపోయింది. "నన్నొగ్గేసి ఎల్లిపోనావేటే!" అంటున్న ఆమె గొంతు ఒక్కటే పెట్టెలో మిగిలింది.

ఎదుటి మొగుడూ పెళ్ళాం కళ్ళప్పగించి చూస్తున్నారు. అన్నపూర్ణ చప్పున ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

శ్రీదుర్గ దగ్గరికి జరిగి తల్లి వీపు మీద చెయ్యి వేసింది. బడి రోజుల్లో తను అన్న మాట ఆ పిల్లకు గుర్తు లేదు. మెల్లగా అడిగింది.

"అమ్మా, ఒగ్గేసి అంటే ఏంటి?"

అన్నపూర్ణ కూతురి మొహంలోకి చూసింది.

"వదిలేసి," అని చెప్పింది.