నేను పెట్టిన దిష్టిచుక్క

మాది చర్చికి వెళ్ళే కుటుంబం. దిష్టీ గిష్టీ నమ్మమని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అలా చెప్పుకుంటూనే, నాకు కొత్త గౌను తొడిగిన ప్రతి ఆదివారమూ మా అమ్మ నా అరికాలికి కాటుక చుక్క పెట్టేది, పాస్టరుగారి కంట పడకుండా. నేనెంత చదువుకున్నా ఆ చుక్క నా బుర్రలోంచి పోలేదు. దాంతోనే ఒక పిల్ల నోట్లో మట్టి కొట్టాను.

తొంభైల చివర్లో గుడివాడలో ఒక కాలేజీలో అమ్మాయిలకి ఆటలు నేర్పేదాన్ని. మా వాలీబాల్ టీములో లిఫ్టరు, బందరు పక్క పల్లెపాలెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్ల. లిఫ్టరంటే బంతి కొట్టేది కాదు, కొట్టేవాళ్ళకి లేపి ఇచ్చేది. ఎవరికివ్వాలో రెప్పపాటులో తేల్చుకోవాలి. జనం చప్పట్లు కొట్టేది కొట్టినవాళ్ళకే గానీ, ఆట నడిపేది మాత్రం లిఫ్టరే.

ఈ పిల్ల చిన్నప్పట్నుంచీ వాళ్ళమ్మతో పాటు చేపల గంప మోసింది. నెత్తిమీద గంపతో నడిచి నడిచి మెడ నిటారుగా నిలిచిపోయింది. బంతి ఎటు పంపబోతోందో ఆ మెడ చచ్చినా చెప్పేది కాదు. అవతలివాళ్ళు ఎడమకి ఎగిరితే బంతి కుడికి పోయేది. "అమ్మ దొంగా!" అని నేనే అరిచేదాన్ని. మరి లోపమే లేదా అంటే, ఉంది. నోరు. బంతి వదిలేసిన పిల్లని "కళ్ళు హాస్టల్లో పెట్టి వచ్చావే?" అని కోర్టులోనే దులిపేసేది.

ఆ ఏడు యూనివర్సిటీ టీముకి బందరులో సెలక్షన్లు పెట్టారు. ఆ టీముకి ఆడితే వ్యాయామ టీచరు ట్రైనింగులో స్పోర్ట్స్ కోటా సీటు వస్తుంది. లేకపోతే డిగ్రీ అవగానే మళ్ళీ గంపే. "నాకు గంప వద్దు మేడమ్, విజిల్ కావాలి" అనేది, నా మెడలో వేలాడే విజిల్ వంక చూస్తూ.

ఒక్కో అమ్మాయి గురించీ కోచ్ నింపాల్సిన కాగితం ఒకటి ఇచ్చారు. ఒక పక్క బలాలు, ఇంకో పక్క బలహీనతలు. బలాల గడి అంచుల దాకా నింపేశాను. తిరిగి చదువుకుంటే నాకే భయమేసింది, ఇంత పొగిడితే పిల్లకి దిష్టి తగులుతుందేమో అని. నోరెక్కువ అని రాద్దామా అంటే, ఆడపిల్ల నోరనగానే అక్కడి పెద్దలు ఇక ఆట చూడరు. అందుకని ఎవరూ పట్టించుకోరనుకుని చిన్న ముక్క ఒకటి రాశాను: 'ఒత్తిడిలో కాస్త తడబడుతుంది.' ఒట్టి అబద్ధం. నా లెక్కలో అది అరికాలి చుక్క.

సెలక్షన్లలో పిల్ల ఇరగదీసింది. ఆటయ్యాక నన్ను గదిలోకి పిలిచారు. కమిటీ పెద్దాయన ఆ ముక్క మీద వేలు పెట్టి, "లిఫ్టరే తడబడితే ఇంకేముందండీ మేడంగారూ?" అన్నారు.

"అబ్బే, అదేం లేదండీ. ఊరికే రాశాను."

"ఊరికే రాశారా?" ఆయన కళ్ళజోడు తీశారు. "అయితే ఈ బలాలు కూడా ఊరికేనా? మీరు తెచ్చిన మిగతా ఇద్దరి కాగితాలూ అంతేనా?"

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. అబద్ధం అన్నానంటే మిగతా ఇద్దరి కాగితాలూ చెత్తబుట్టలోకి పోతాయి. నిజం అన్నానంటే ఈ పిల్ల పోతుంది. దిష్టికోసమని చెబుదామంటే ఏ మొహం పెట్టుకుని చెప్పను? తలుపు తీసే ఉంది, లేచి వెళ్ళలేను. "ఎప్పుడో ఒకసారి లెండి" అని గొణిగాను. ఛీ, ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం. ఆ ఇద్దరికీ చోటు దొరికింది. మా లిఫ్టరుని స్టాండ్‌బైలో వేశారు.

గుడివాడ బస్సులో నా పక్కనే కూర్చుంది. కాగితంలో ఏముందో అక్కడి గుమాస్తా చెప్పేశాడట. పెడన దాటాక మెల్లగా, "నేనెప్పుడు తడబడ్డానండీ మేడమ్?" అని అడిగింది. నన్ను కూడా కోర్టులోలాగా దులిపేసినా బాగుండేది. అంత నోరున్న పిల్ల, దిద్దుకుందామని అడిగింది.

ఊరికే రాశానంటే, నీ సీటు ఊరికే పోయిందని చెప్పినట్టే. కిటికీ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను, దాటుకుపోవడానికి దారి కూడా లేదు. "మొన్న నందివాడ వాళ్ళతో ఆడినప్పుడు, ఆఖర్లో... నువ్వు గమనించుకోలేదులే" అన్నాను.

"అవునా అండీ" అంది. నమ్మేసింది.

నెల తిరక్కుండానే యూనివర్సిటీ లిఫ్టరుకి కాలు బెణికిందని కబురొచ్చింది. మా పిల్లని ఇంకోసారి చూడ్డానికి ఆ పెద్దాయనే మా గ్రౌండుకి వచ్చి మ్యాచ్ చూస్తూ కూర్చున్నారు. దేవుడు దయతలిచాడనుకున్నాను. ఆఖరి గేమ్, చెరో పద్నాలుగు. బంతి సరిగ్గా ఆమె నెత్తిమీదికి లేచింది. రెండు పక్కలా మా పిల్లలు కొట్టడానికి పరిగెత్తుకొస్తున్నారు. చేతులెత్తింది. ఎత్తి, ఎప్పుడూ ఎవరికీ ఏమీ చెప్పని ఆ మెడ తిప్పి, నా వంక చూసింది.