హనుమవ్వ మూడు వయసులు

"నీ అసలు వయసెంత?" అని సప్న అడిగింది.

"దేనికి?" అంది హనుమవ్వ.

ఆమె వెటకారమాడలేదు. బీదర్ జిల్లా ఔరాద్ తాలూకాలో బడి మొహం చూడకుండా పెరిగిన ఆడమనిషికి వయసు అవసరాన్ని బట్టి ఉంటుంది. పెళ్లినాటికి ఒకటి చెప్పారు, ఓటు కార్డులో ఒకటి రాశారు, పెన్షన్ కాగితంలో ఇంకొకటి ఎక్కించారు. ఏది కావాలో చెబితే అది ఇస్తుంది.

హనుమవ్వ పుట్టింది సంతపూర్‌లో, పంతొమ్మిది వందల డెబ్బై రెండు కరువులో. తల్లి కరువు పనుల్లో రోడ్డుకు కంకర కొడుతూ నొప్పులు పడిందట. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు గాని ఏడాది మాత్రం ఎవరూ మరిచిపోలేదు, ఆ ఏడు సర్కారు పంచిన జొన్న ఎర్రగా ఉండేదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. చింతకి ఊళ్లో మొగులప్పకిచ్చి పెళ్లి చేశారు. పిల్లలు పుట్టారు, నిలవలేదు. మొగులప్ప లారీ మీద క్లీనర్‌గా షోలాపూర్ వైపు వెళ్లాడు. మొదట్లో దసరాకు వచ్చేవాడు, తర్వాత డబ్బులు పంపేవాడు, తర్వాత రెండూ మానేశాడు. ఎకరంన్నర కంది చేను పాలివాళ్ల చేతికి పోయింది. హనుమవ్వ బీదర్ చేరి, ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో రొట్టెలు చేసే పనిలో కుదిరింది. పదేళ్ల పైమాటే. రోజూ తెల్లవారుజామున లేచి, వేడినీళ్లతో జొన్నపిండి కలిపి, రొట్టె తర్వాత రొట్టె చేత్తో తట్టి పెనం మీద వేస్తుంది. సాయంత్రం మళ్లీ అదే.

శ్రమజీవికి రోగమే రాదని ఉపన్యాసాలిచ్చే వాళ్లను ఒకసారి ఆమె మోకాళ్లు చూడమనాలి. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకుంటుంది. కుడి భుజం పైకి లేవదు. చేతులు మటుకు రొట్టె తట్టడం మానలేదు, మానితే ఆ నెల గది కిరాయికి డబ్బుండదు కాబట్టి.

పోయిన ఏడాది మెస్ కాంట్రాక్టు చేతులు మారింది. కొత్తగా వచ్చింది బయటి ఊరి కంపెనీ. దానికి నిబంధనలు ఎక్కువ. పొయ్యి దగ్గర పనిచేసేవాళ్లు, గిన్నెలు ఎత్తేవాళ్లు అందరూ ఆన్‌లైన్‌లో ఒక ఆరోగ్య కాలిక్యులేటర్ నింపాలి. వయసు, ఎత్తు, బరువు, నడుం కొలత, బీపీ, నిద్ర, అలవాట్లు అన్నీ ఎక్కిస్తే అది నూటికి ఇన్ని మార్కులని చెబుతుంది. అరవై దాటితే పొయ్యి దగ్గర ఉండొచ్చు. దాటకపోతే లేదు. మనిషి పొయ్యి మీద పడితే బీమా వాళ్లు డబ్బు ఇవ్వరని కంపెనీ భయం. డాక్టరుకు చూపిస్తే ఫీజవుతుంది. కాలిక్యులేటర్ ఉచితం.

సప్న ఆ కంపెనీ సూపర్‌వైజర్. కమలనగర్ పిల్ల, తండ్రి వైపు మరాఠీ, తల్లి వైపు తెలుగు. ఆమె ఉద్యోగం కూడా ఆర్నెల్లకోసారి కొత్తగా రాసుకునేదే. హనుమవ్వను సామాన్ల గదిలో కూర్చోబెట్టి ఫోన్ తీసింది.

"నాకు రెండున్నయ్ బిడ్డా," అంది హనుమవ్వ వయసు సంగతి. "ఆధార్ కార్డుల అరవై నాలుగు. మా అమ్మ చెప్పిన లెక్కన యాభై మూడు."

"కార్డుల ఉన్నదే ఎక్కియ్యాలె అక్కా. కార్డు ఫోటో గూడ పెట్టాలె."

"మరి అసల్ది ఎందుకడిగినవ్?"

సప్న ఫోన్లో అరవై నాలుగు కొట్టింది.

బరువు ఆలుగడ్డల కాంటా మీద చూశారు. చెప్పులు విప్పమంటే విప్పింది గాని కాళ్ల వెండి కడియాలు విప్పలేదు, అవి పెళ్లినాడు తొడిగినవి, ఇప్పుడు మడమ దాటి రావు. నడుం కొలత మొదట చీర కుచ్చిళ్ల మీదుగా, బొడ్లో దోపుకున్న ఆకువక్కల సంచితో సహా వచ్చింది. మళ్లీ కొలిచారు. సంచి బయటపడింది కాబట్టి పొగాకు సంగతీ బయటపడింది. పొగ తాగనని, ఆకులో చిటికెడు వేసుకుంటానని హనుమవ్వ చెప్పింది. చిటికెడు అనే గడి ఫోన్లో లేదు, ఉందా లేదా అనే ఉంది. వారానికి ఎన్ని నిమిషాలు వ్యాయామం చేస్తావని అడిగింది ఫోను. వ్యాయామమంటే హాస్టల్ పిల్లలు డాబా మీద చేసే గెంతులని హనుమవ్వకు తెలుసు. తాను ఎప్పుడూ గెంతలేదని నిజాయితీగా చెప్పింది. సున్నా పడింది. ఎన్ని గంటలు పడుకుంటావంటే అయిదన్నది. సోమవారం, శనివారం ఒక్కపొద్దు ఉంటానని అడక్కుండానే చెప్పింది, పుణ్యం లెక్కలోకి వస్తుందేమోనని. భోజనాలు మానేస్తున్నట్టు రాసుకుంది ఫోను.

బీపీ చూడ్డానికి రెండో సంవత్సరం పిల్లనొకతెను పిలిచారు. ఆ హాస్టల్లో ప్రతి గదిలో ఒక బీపీ మిషన్ ఉంటుంది. పదేళ్లలో ఎవరూ వంటింటి వైపు తేలేదు, హనుమవ్వ అడగలేదు. ఆ పిల్ల ఒకసారి చూసి, మిషన్ పాడయిందేమోనని ఇంకొకటి తెచ్చి చూసింది. రెండూ ఒకటే చెప్పాయి. చాలా ఎక్కువ.

తెర మీద నలభై ఎనిమిది వచ్చింది. దాని కింద ఎర్ర అక్షరాల్లో, కన్నడంలో, మీ శరీరం వయసు డెబ్బై ఒకటి అని ఉంది. ఆ కింద సలహాలు: రోజూ అరగంట నడవండి, ఏడు గంటలు నిద్రపోండి, మీ కుటుంబ వైద్యుణ్ని సంప్రదించండి. సప్న చదివి వినిపించింది.

"డెబ్బై ఒకటా?" అంది హనుమవ్వ. "జర ఇంకింత పెంచుమను. పెన్షన్ గూడ పెరుగుతదేమో."

ఇద్దరూ నవ్వారు. నవ్వాక సప్న తలుపు దగ్గరికి వేసి, ఇంకోసారి అన్నీ కొట్టి, వయసు దగ్గర మాత్రం యాభై మూడు పెట్టి చూసింది. అరవై రెండు వచ్చింది. అంటే ఆ ఒంటికి, ఆ మోకాళ్లకు, ఆ బీపీకి కూడా పొయ్యి దగ్గర కూర్చునే హక్కుంది. అడ్డమల్లా కార్డులో పదకొండేళ్లు. సప్న అడిగితే కంపెనీ నెల గడువిచ్చింది. ఆలోగా కార్డు మారితే హనుమవ్వ ఉంటుంది.

ఆ పదకొండేళ్లు ఎక్కించింది ఆమె తమ్ముడు కాశప్ప. సంతపూర్‌లో సోయా, కంది వేసుకునే మామూలు రైతు. అక్కకు మొగుడు లేడు, పిల్లలు లేరు, నెలనెలా నాలుగు రూపాయలు రావాలనుకున్నాడు. తన జేబులోంచి ఇవ్వలేడు. వితంతు పెన్షన్ అడిగితే భర్త మరణ పత్రం తెమ్మన్నారు. బతికున్నాడో లేడో తెలియని మనిషికి మరణ పత్రం ఎవరిస్తారు? మిగిలింది ముసలివాళ్ల పెన్షన్. దానికి ఆమె ముసలిది కాలేదు. ఔరాద్‌లో ఒక ఏజెంటు ఆ కొరత తీర్చాడు. ఆధార్లో పుట్టిన సంవత్సరం వెనక్కి జరిగింది, పెన్షన్ వచ్చింది. ఊళ్లో దీన్నెవరూ దొంగతనం అనుకోలేదు. చేయించుకోలేని వాళ్లనే జాలిగా చూశారు. ప్రభుత్వం ఇచ్చే ఆ కాస్త డబ్బుకోసం మనిషి పదకొండేళ్లు వదులుకోవాల్సి రావడం గురించి నీతులు చెప్పదలచిన వాళ్లు ముందు ఆ డబ్బుతో ఒక నెల గడిపి చూడాలి.

ఆధార్ కేంద్రంలో కుర్రాడు తెర చూసి, పుట్టిన తేదీ ఒకసారే మార్చుకోనిస్తారని, ఆమెది మారిపోయిందని చెప్పాడు. రెండోసారి మారాలంటే తాలూకా ఆఫీసు నుంచి వయసు ధ్రువపత్రం తేవాలి. సప్న తన మంచి కన్నడంలో దర్ఖాస్తు రాసిపెట్టింది: నా నిజమైన వయసు యాభై మూడు, కార్డులోని అరవై నాలుగు పొరపాటు, సరిచేయవలసిందిగా ప్రార్థన. హనుమవ్వ వేలిముద్ర వేసింది.

ఔరాద్ బస్టాండులో కాశప్ప ఎదురొచ్చాడు. అతని మొహం బాగాలేదు.

"అక్కా, నువ్వు పోయి చిన్నదాన్నని చెప్పబోతున్నవ్. చిన్నోళ్లకు పెన్షన్ ఎవడిస్తడు?"

"నౌకరి పోతె ఆ పెన్షన్‌తోని ఎన్ని దినాలు తింటరా?"

"అది గాదు. ఆ పెన్షన్ కాయితంల సాక్షి దస్తఖత్ నాది."

హనుమవ్వ ఆఫీసు వైపు నడిచింది. "నీ పేరు నేను చెప్పనులే," అంది. తమ్ముడు ఆఫీసు మెట్ల దాకా వచ్చి, అక్కడే చెట్టు నీడన ఆగిపోయాడు.

లోపల గుమాస్తా దర్ఖాస్తు పూర్తిగా చదివాడు. అదే గొడవయింది. చాలా ఆఫీసుల్లో చదవకుండా ముద్ర గుద్దుతారని మనం తిడతాం. ఈయన చదివాడు, చదివి పెన్షన్ తీసుకుంటున్నావా అని కన్నడంలో అడిగాడు. తీసుకుంటున్నానని ఆమె చెప్పింది. నిజం చెప్పడానికే వచ్చాను గదా, సగం చెప్పి సగం ఆపడమేమిటనుకుందట. పుట్టిన ఏడాదికి రుజువేమిటని అడిగాడు. కరువు సంగతి చెప్పింది, కంకర సంగతి చెప్పింది. బడి పత్రం, పురిటి ఆసుపత్రి కాగితం ఏవీ లేవు. అవి లేకుండా ధ్రువపత్రం రాదన్నాడు. పోనీ దర్ఖాస్తు తిరిగిచ్చేయండి అని బతిమాలింది. ఆయన కఠినమైన మనిషేమీ కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, నీళ్లు తెప్పించాడు. చేతికొచ్చిన కాగితానికి వచ్చిన కాగితాల రిజిస్టర్లో ఆవక్ నంబరు పడిపోయిందని, చదివాక చదవలేదని తాను అనలేనని చెప్పాడు.

వయసు తగ్గించడానికి ఆమె మాట చాలలేదు. పెన్షన్ ఆపడానికి చాలింది.

గడువు అయిపోయింది. కంపెనీ లెక్కలో ఆమె అరవై నాలుగేళ్ల మనిషి, పొయ్యికి పనికిరాదు. పెన్షన్ ఆఫీసు లెక్కలో యాభై మూడేళ్ల మనిషి, పెన్షన్‌కు పనికిరాదు. ఒకరి కాగితం ఇంకొకరికి చూపిద్దామని సప్న ప్రయత్నించింది. ఎవరి కాగితం వాళ్లు చూసుకుంటారని కంపెనీ పైవాళ్ల నుంచి ఒక మెసేజ్ వచ్చింది.

పెన్షన్ ఆపినట్టు నోటీసు వచ్చిన రోజు సప్న సామాన్ల గదిలో కూర్చుని ఏడ్చింది.

"నేను మంచికే రాసిన అక్కా."

"నువ్వు మంచికే రాసినవ్. మా తమ్ముడు గూడ మంచికే రాయించిండు." హనుమవ్వ ఉల్లిగడ్డల బుట్ట ముందుకు లాక్కుంది. "ఇంక నాకు ఎవ్వలు మంచి చెయ్యొద్దని ఆ ఫోన్ల ఎక్కియ్యరాదూ."

ఇప్పుడు ఆమె పని కూరగాయలు తరగడం, వంటగది ఊడవడం. ఒక్కపూట, సగం జీతం. పొయ్యి దగ్గరికి దీపాలి అనే అమ్మాయి వచ్చింది, స్కోరు ఎనభై దాటింది. హనుమవ్వ చేయని రొట్టె నోట పెట్టలేక పిల్లలు ధర్నా చేశారని రాయాలని ఉంటుంది ఎవరికైనా. అలాంటిదేం జరగలేదు. దీపాలి రొట్టెలు బాగానే చేస్తుంది. ఇన్నాళ్లూ హనుమక్క అని పిలిచిన వంటింటి వాళ్లు ఈ మధ్య అజ్జీ, ముసలమ్మా అంటున్నారు, ఆటపట్టించడానికే. ఆమె పలుకుతుంది. ఏ వయసుతో పిలిస్తే ఆ వయసుకు పలకడం ఆమెకు కొత్త కాదు.

ఈ వ్యవహారమంతటిలో పనికొచ్చింది ఒక్కటే ఉంది. బీపీ గోళీ మొదలుపెట్టింది, ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇస్తారు. తల తిరగడం తగ్గిందట. అక్కడ చీటీ రాసేవాళ్లు వయసెంతని అడిగినప్పుడు ఆమె, మీరే చూసి రాసుకోండి అంది. వాళ్లు అరవై అని రాసుకున్నారు.

సంతపూర్ నుంచి కాశప్ప ఫోన్ చేయడం తగ్గించాడు. సాక్షుల్ని కూడా పిలుస్తారని ఎవరో చెప్పారట. ఇంతవరకూ పిలవలేదు. సప్నకు వేరే జిల్లాకు బదిలీ అయింది, వెళ్లేముందు తన ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసిచ్చింది.

హనుమవ్వ తీసుకున్న పెన్షన్ మొత్తం ప్రభుత్వానికి వాపసు కట్టాలని ఆ తర్వాత ఇంకో నోటీసు వచ్చింది. మొత్తం నలభై మూడు వేల రెండు వందలు. రెండు విడతల్లో నాలుగు వేలు కట్టింది. ఇంకా ముప్పై తొమ్మిది వేల రెండు వందల రూపాయలు బాకీ ఉంది.