నీలిమందు పెట్టిన బొమ్మల కథలు

మా ముత్తాత కేతేపల్లి వైపు ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత ధోవతి తెలుపు దూరం నుంచి చూసే జనం దారి ఇచ్చేవారు. మొన్న పాత బొమ్మల కథల పుస్తకాలు సేకరించే ఒకాయన మా ఇంటికొచ్చి, నా దగ్గరున్న ఒక్కో పుస్తకాన్నీ కిటికీ వెలుతురుకు పట్టి కాగితం తెలుపు చూస్తుంటే నాకు ఆ ధోవతే గుర్తొచ్చింది.

తాత ఆ ధోవతి కట్టే రోజుల్లో నాకు ఎనిమిదేళ్లు. నా బొమ్మల కథల పుస్తకం ఏడాదికే పసుపెక్కింది. పోస్టుమాస్టరు కొడుకు దగ్గరున్న అదే పుస్తకం ఇంకా పాలలా ఉంది.

"గిదేం పుస్తకం దొరా, నలుగు పెట్టిన పెండ్లిపిల్ల లెక్కున్నది!" అని వాడు నవ్వాడు.

వంశం పరువు పోయిందనుకున్నాను. తాత ధోవతులు తెల్లబడాలని పెట్టే నీలిమందు నీళ్లలో పుస్తకాన్ని ముంచి, దండెం మీద ఆరేశాను. ఆరేసరికి కథలో రాజు నీలం, రాణి నీలం, ఏనుగూ నీలమే.

అవ్వ పడీపడీ నవ్వింది. "జర గంజి గూడ పెట్టకపోతివా బిడ్డా!" అంటూ నన్ను ఒళ్లోకి లాక్కుని, ఆ కథంతా చదివించుకుంది.

సేకరించే ఆయన ఆ నీలం పుస్తకాన్ని పక్కన పెట్టాడు. "ఇది నడ్వదు సార్."

"అది అమ్మేది కాదు," అన్నాను.

మిగతా నలభై అమ్మేశాను.