కట్టయ్య వీపుకు సరిపోయిన బ్యాగు

మనిషి నడక చూసి వాడు రోజంతా ఏం మోస్తాడో కట్టయ్య చెప్పేవాడు. నీళ్ల క్యాన్లు వేసేవాడికి ఒక భుజం కిందికి వాలుతుంది. సిమెంటు మోసేవాడి మెడ ముందుకు సాగుతుంది. వడ్ల బస్తాలు మోసేవాడు చేతులూపుకుంటూ ఖాళీగా పోతున్నా వంగే పోతాడు, వీపు మీద లేని బస్తా ఇంకా ఉన్నట్టే. జనగామ మార్కెట్ యార్డులో కట్టయ్యదీ అదే నడక. మీసం మొలవకముందే నర్మెట్ట పక్క ఊరి నుంచి వచ్చి బస్తా కింద వీపు పెట్టాడు. తల నెరుస్తున్నా ఆ వీపు ఇంకా బస్తా కిందే ఉంది. నడుమ పెళ్లయింది, బిడ్డ పుట్టింది, తెలంగాణ వచ్చింది, వెన్నులో పూస జరిగింది. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి చూసి, ఇక బరువు లేపొద్దన్నాడు. మరేం లేపాలో చెప్పలేదు. కట్టయ్య నడుముకు బెల్టు పెట్టి, దాని మీద తువ్వాల బిగించుకుని మర్నాడు పనిలోకి పోయాడు.

ఇటువంటి మనిషికి ఒక్కటే పంతం. బిడ్డ సౌందర్య మొయ్యకూడదు. ఏదీ మొయ్యకూడదు. ఆ పిల్ల నీళ్ల బిందె ఎత్తితే భార్య సరళ మీద కసిరేవాడు. బిడ్డ ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పని చేయాలి. అట్లా కూర్చోవాలంటే ఇంగ్లీషు చదువు కావాలని ఎవరో చెప్తే, ఊళ్లో బడి మాన్పించి జనగామలో వేశాడు. యార్డుకు దగ్గర్లోనే ఒక గది కిరాయికి తీసుకున్నారు.

ఒకనాటి సాయంత్రం లారీ నిండి, తాళ్లు బిగించి, కట్టయ్య గేటు దగ్గర బీడీ ముట్టించాడు. బడి పిల్లలు రోడ్డు వెంట వస్తున్నారు. అందులో ఒక పిల్ల మెడ ముందుకు చాచి, బ్యాగు పట్టీల కింద బొటనవేళ్లు దూర్చి, నేలను చూసుకుంటూ వస్తోంది. ఎవరి బిడ్డో పాపం, బస్తా నడక నడుస్తోంది అనుకున్నాడు. ఆ పిల్ల దగ్గరికి వచ్చి, "బాపూ" అంది.

ఇంటికి పోయి ఆ బ్యాగును ఒక్క చేత్తో లేపి చూశాడు. కాంటా అక్కర్లేని చెయ్యి అది. ఎరువుల కంపెనీవాళ్లు ఊరికే పంచిన బ్యాగు, సన్నటి పట్టీలు, తెగినచోటల్లా సరళ దబ్బనంతో కుట్టింది. లోపల ఒక్కో సబ్జెక్టుకు పాఠాల పుస్తకం, క్లాసు నోటు, ఇంటి పని నోటు, అవి చాలవని బడివాళ్లే అచ్చేసి అమ్మిన గైడ్లలో పట్టినన్ని. పిల్ల అంగీ భుజం దగ్గర జరిపి చూస్తే పట్టీ ఒరుసుకున్నచోట ఎర్రటి చార. నొస్తాందా బిడ్డా అని అడిగాడు.

"అందరికి నొస్తది బాపు," అంది సౌందర్య, అది కూడా హోంవర్కులో భాగమే అన్నట్టు.

మర్నాడు బడికి పోయాడు. టై కట్టుకున్న ఇన్‌చార్జి మంచి మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. సగం పుస్తకాలు బడిలోనే ఉంచుకోనియ్యమని కట్టయ్య బతిమాలాడు. సాయంత్రం అదే గదిలో ట్యూషన్ పిల్లలు కూర్చుంటారని, ఒక్క పుస్తకం పోయినా తన మెడకే చుట్టుకుంటుందని అతను ఓపికగా చెప్పాడు. చివరకు నవ్వాడు.

"మీరు బస్తాలు లేపేటోళ్లు. మీ పాపకు ఈ బ్యాగు ఒక బరువా అన్నా?"

కట్టయ్య కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో తెలియదు. గేటు దాటి చాలా దూరం వచ్చినా ఆ నవ్వు మొహానికి అంటుకునే ఉంది.

ఇక మిగిలింది బ్యాగే. తోటి హమాలీ పరశురాములు ఫోనులో ఒక వీడియో చూపించాడు. వీపును కాపాడే బ్యాగులు ఉంటాయట. వెడల్పు పట్టీలు, వెనక మెత్త, నడుముకు బెల్టు. బెల్టు మాట వినగానే కట్టయ్యకు నమ్మకం కుదిరింది. వానకు యార్డులో కాంటాలు ఆగిన రోజున బస్టాండు దగ్గరి దుకాణానికి పోయాడు. సౌందర్య బడిలో ఉంది.

దుకాణంవాడు బొమ్మల బ్యాగులు తీశాడు. కట్టయ్య బొమ్మలు చూడలేదు. పట్టీలను వేళ్ల మధ్య నలిపాడు, మెత్తను బొటనవేలితో నొక్కాడు, కుట్లు గుంజి చూశాడు. నచ్చినవాటిలో కుక్కిన కాగితాలు తీసేసి నోటు పుస్తకాల కట్టలు నింపమన్నాడు. ఒక్కొక్కటే తన వీపుకు తగిలించుకుని మెట్ల దాకా పోయి వచ్చాడు. వానకు తలదాచుకున్నవాళ్లు చూసి నవ్వుకున్నారు.

"బిడ్డను తోల్కరావాలె గదనే," అన్నాడు దుకాణంవాడు. "వేసి చూసి కొనుక్కపోతువు."

"వీపు సంగతి నాకు చెప్పకన్నా. గీ వీపుకు తెల్వని బరువు లేదు."

చివరగా ఒక బూడిదరంగు బ్యాగు తగిలించుకున్నాడు. బరువు భుజాల మీద నిలవకుండా వీపంతా పరుచుకుంది. బెల్టు పెట్టగానే నడుము ఎవరో పట్టుకుని లేపినట్టయింది. వీపు మీద మోత ఉండి కూడా నొప్పి లేకపోవడం ఆ మనిషికి ఊహ తెలిశాక అదే మొదటిసారి. కాసేపు విప్పబుద్ధి కాలేదు. రోడ్డు మీది వానను చూస్తూ అట్లాగే నిలబడ్డాడు.

మోసేవానికి తెలుసు కావడి బరువు అంటారు. నిజమే, తెలుసు. తన భుజం మీద తెలుసు.

సరళ కొత్త బ్యాగును చూసి మురిసింది. వాళ్లింట్లో కొత్త వస్తువేదీ పసుపు కుంకుమ పెట్టకుండా వాడరు. కుక్కరుకూ పెట్టింది, సైకిలుకూ పెట్టింది. దీనికైతే మరింత పెట్టాలి, బిడ్డ వీపును కాచేది గదా. పసుపు తడిపి ముందు జేబు మీద అడ్డంగా పూసి, మూలమూలకూ కుంకుమ బొట్లు పెట్టి, దేవుని పటం కింద నిలబెట్టి దండం పెట్టుకుంది. బడి నుంచి వచ్చిన సౌందర్య చెప్పులు విడిచి, పుస్తకాలు సర్ది, వీపుకు తగిలించుకుంది.

భుజాలకు ఆనాల్సిన మెత్త తల వెనక నిలబడింది. అడుగు తొడలను తన్నింది. నడుము బెల్టు మోకాళ్ల వైపు వేలాడింది. వెనక నుంచి చూస్తే పిల్ల లేదు, కాళ్లొచ్చిన బ్యాగు ఉంది. పట్టీలు చివరిదాకా గుంజినా ఒక వేలెడు లేచిందంతే.

"మస్తుగుంది బాపు," అంది సౌందర్య, వాళ్ల మొహాలు చూసి.

తెల్లవారి సరళ పసుపును సబ్బు పెట్టి రుద్దింది. సబ్బు తగిలిన పసుపు ఎర్రబడి మరింత గట్టిగా కూర్చుంది. ఆ మరకతోనే బ్యాగు పట్టుకుని కట్టయ్య దుకాణానికి పోయాడు. దుకాణంవాడు చెడ్డవాడేం కాదు. అటువంటి మెత్తే, అటువంటి బెల్టే ఉన్న చిన్న బ్యాగు కిందికి దించి కూడా చూపించాడు. ఆ తర్వాత కట్టయ్య తెచ్చినదాన్ని తిప్పి చూశాడు.

"పూజ చేసినదాన్ని ఎవలు కొంటరన్నా," అన్నాడు. "ఉట్టిగ తెస్తే మార్చిద్దును."

కట్టయ్య చిన్న బ్యాగును ఒకసారి చేత్తో పట్టుకున్నాడు. పట్టీలను నలిపాడు. అక్కడే పెట్టేసి వచ్చాడు.

పాత బ్యాగులో పట్టని గైడ్లను ఇన్నాళ్లూ సౌందర్య ఇంట్లోనే వదిలి, బడిలో తిట్లు తినేది. ఇప్పుడు అన్నీ పట్టాయి. ఆమెకు తిట్లు తప్పాయి. ఇన్‌చార్జి బాగా గుర్తుపట్టాడట, పుస్తకాలన్నీ తెచ్చే పిల్ల అని క్లాసులో చెప్పాడట. వీపును కాపాడే బ్యాగు వచ్చాక బరువు పెరిగింది.

ఒక పొద్దున కట్టయ్య బెల్టు పెట్టుకుంటూ చూశాడు. సౌందర్య నేల మీది బ్యాగును ఒంటిచేత్తో, నడుము మెలితిప్పి లేపుతోంది. తన పూస సరిగ్గా అట్లాగే జరిగింది. బరువు లేపే విద్య మాత్రం ఇంట్లో అడుగుపెట్టకూడదని ఇన్నేళ్లు ఆపినవాడు ఒక్క ఉదుటున పోయి బ్యాగును లాక్కుని మంచం అంచుకు పెట్టాడు.

"నడుము వంచకు బిడ్డా. మోకాళ్లు మడువు. వీపు దానికి ఆనించు. ఆనిందా? ఊపిరి బిగబట్టి, తొడల మీద లే."

సౌందర్య లేచింది. ఎక్కడా తొణకలేదు. ఆ ఒడుపు పట్టుబడటానికి యార్డులో కట్టయ్యకు ఒక పంటకాలం పట్టింది. పిల్లకు ఒక్కసారికే వచ్చింది.

"అచ్చం నీ లెక్కనే లేసిన గద బాపు," అంది సంబరంగా.

కట్టయ్య బిడ్డ బ్యాగు పట్టీలు సరిచేసి, తువ్వాల బిగించుకుని, ఆమె వెనకే రోడ్డెక్కాడు. మూల మలుపు దాకా ఇద్దరిదీ ఒకటే దారి.